దారి మీది వూరికి చరిత్ర లేదా?

"మీదే వూరు?" అని హాస్టల్లో కొత్తగా చేరిన మిత్రుణ్ణి అడిగితే వరంగల్లు వాడు వేయిస్తంభాల గుడి పేరు చెప్తాడు. హైదరాబాదు వాడికి చెప్పవలసిన అవసరమే లేదు, చార్మినారు అతని తరఫున చెప్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వచ్చిన మేము మాత్రం "కరీంనగర్ దగ్గర" అంటాము. ఇంకా గుచ్చి అడిగితే "నిజామాబాదుకు పొయ్యే తొవ్వల" అంటాము. అంటే మా వూరికి సొంత ఆనవాలంటూ లేదు, ఎక్కడికో పోయే దారిలో అదొక మలుపు మాత్రమేనన్న మాట! పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పెరటి చరిత్ర కూడా పనికిరాకుండా పోయిందేమోనని అనిపించక మానదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దారి మీద వుండటం మా వూళ్ళకు లోటు కాదు, అదే మా వూళ్ళ చరిత్ర. అయితే ఆ చరిత్రను ఇంతవరకు రాసినవాళ్ళంతా ఆ దారి వెంట బయటినుంచి వచ్చినవాళ్ళే. ఆ దారి పక్కన పుట్టి, ఆ దారి మీదనే బతికినవాళ్ళు రాసింది బహు తక్కువ. నేను చరిత్ర విద్యార్థిని కాను. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుతున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. కోరుట్ల, జగిత్యాలల నడుమ సడకుకు ఆనుకొని మాకు కొద్దిపాటి మాగాణం వుంది. కాబట్టి పండితుల మాదిరిగా కాక, మా పొలం గట్టు మీద నిలబడితే ఏం కనిపిస్తుందో అదే రాస్తాను.

మా గట్టు పక్కన పోయే సడకును ఇప్పుడు జాతీయ రహదారి 63 అంటున్నారు. కొన్నేండ్ల కింద దాని నెంబరు 16. బోధన్, నిజామాబాదు, ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి, మంచిర్యాల, చెన్నూరు మీదుగా పోయి, నదులు దాటి సిరొంచ చేరి, అక్కణ్ణుంచి బస్తరు అడవుల్లో జగదల్‌పూరు దాకా పోతుంది. నెంబరు మారింది గాని దారి మారలేదు. ఉత్తరాన గోదావరి, దక్షిణాన గుట్టలు. వాటి నడుమ మనిషి గాని, బండి గాని పోదలచుకుంటే పోవలసిన జాగా ఇదే. నేల వాలును బట్టి నీరు పారినట్టే, నేల పొందికను బట్టి దారి పడుతుంది. ఇందులో రాజుల గొప్పతనమేమీ లేదు.

ఈ దారికి మొదట వున్న బోధన్ సామాన్యమైన వూరు కాదు. బుద్ధుని కాలం నాటి పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన వున్నది ఒక్కటే, అది అస్మక దేశం. దాని రాజధాని పోదన నగరమే నేటి బోధన్ అని చరిత్రకారులు గుర్తించారు. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుని కథ వుంది. ఆయన గోదావరి ఒడ్డున అస్మక దేశంలో ఆశ్రమం వేసుకొని వుంటూ, బుద్ధుని గురించి విని, తన పదహారు మంది శిష్యులను ఉత్తరాదికి పంపించాడు. వాళ్ళు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా రాజగృహం చేరారట. రైలు లేదు, బస్సు లేదు. ప్రశ్న అడగటానికి అంత దూరం నడిచారు! మన ప్రాంతపు విద్యార్థులు చేసిన మొదటి విహారయాత్ర ఇదేనేమో అని నేను మిత్రులతో పరాచికమాడుతుంటాను. కాని ఆ కథలోని సారం పరాచికం కాదు. మన గోదావరి ఒడ్డు ఆనాటికే ఒక మూల కాదు, ఒక దారికి మొదలు.

ఇదే దారిని ధర్మపురి వరకు పట్టుకొని, ఇంకొంచెం తూర్పుకు గోదావరి వెంట పోతే కోటిలింగాల వస్తుంది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. అక్కడ రైతులు దున్నుతుంటే, వానలకు మట్టి కొట్టుకుపోతుంటే పాత నాణేలు బయటపడేవి. ధర్మపురి ప్రాంతానికి చెందిన సంగనభట్ల నరహరిశర్మగారు వాటిని ఓపికతో పోగుచేసి, పురావస్తు పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి దృష్టికి తెచ్చారు. ఆ తరువాత 1970ల చివర, 1980ల మొదట్లో వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. మట్టి కోట ఆనవాళ్ళు, ఇటుక కట్టడాలు, బావులు బయటపడ్డాయి. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకునివిగా గుర్తించిన నాణేలు దొరికాయి. అంతకన్న ముఖ్యం, శాతవాహనుల కంటే ముందువారైన గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకుల నాణేలు దొరికాయి. ఏ పురాణంలోనూ లేని పేర్లు అవి. నాణెం దొరకకపోతే ఆ మనుషులు వున్నారన్న సంగతే లోకానికి తెలియదు.

2008లో కరీంనగర్‌లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి శాతవాహనుల పేరు పెట్టడం అందువల్ల సమంజసమే. కాని పేరు బోర్డు మీద వుంది, వూరు ఎవరి మనసులోనూ లేదు. మన కళాశాలలో ఎంతమంది కోటిలింగాల చూశారని నేను ఒకసారి మా తరగతిలో అడిగాను. చేతులు లేపినవాళ్ళలో ఎక్కువమంది పుష్కరాలకు తల్లిదండ్రులతో గోదావరి స్నానానికి పోయినవాళ్ళే. దిబ్బను చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇక జగిత్యాల సంగతి. పట్టణానికి ఆనుకొనే పొలాస అనే వూరుంది. దాన్ని శాసనాలు పొలవాస అన్నాయి. 11, 12 శతాబ్దాల్లో ఇది ఒక చిన్న రాజ్యానికి కేంద్రం. పడమట కళ్యాణి చాళుక్యులు, దక్షిణాన అప్పుడప్పుడే తలెత్తుతున్న కాకతీయులు, ఉత్తరాన గోదావరి, ఆపైన అడవి. నడుమ పొలవాస. ఇటువంటి చోటును సరిహద్దు అంటారు. సరిహద్దున వున్నవాడికి ఇద్దరు యజమానులుంటారు, లేదా ఇద్దరు శత్రువులుంటారు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో జగ్గదేవుడు అనే ఆయన అనుమకొండను ముట్టడించి ప్రోలరాజు చేత తరమబడ్డాడని వుంది. ప్రోలుని కొడుకు రుద్రదేవుడు మేడరాజును ఓడించి పొలవాస దేశాన్ని తీసుకున్నాడని కూడా వుంది. పొలవాస గురించి లోకానికి ముఖ్యంగా తెలిసింది ఇదే. అంటే ఓడించినవాడు తన గుడి రాతి మీద రాయించుకున్నది. ఓడిపోయినవాడు ఏమనుకున్నాడో, ఆ సంవత్సరం పొలాస చేలల్లో పంట కోసింది ఎవరో ఆ రాతి మీద లేదు.

నేటి పొలాసలో పౌలస్త్యేశ్వరాలయం వుంది. వ్యవసాయ పరిశోధనా స్థానం కూడా వుంది. జగిత్యాల సన్నాలు, అనగా జె.జి.యల్. 1798 అనే వరి వంగడం అక్కడినుంచి వచ్చిందే. మా ఇంట్లో ఆ వడ్లు పండించాం, తిన్నాం, అమ్ముకున్నాం. మా బాపుకు పొలాస అంటే విత్తనం. శాసనాలు చదివినవాళ్ళకు పొలాస అంటే మేడరాజు. ఈ రెండు పొలాసలూ ఒకటే అని మాకు బడిలో చెప్పినవారు లేరు.

జగిత్యాల అనగానే అందరికీ గుర్తుకొచ్చేది ఖిల్లా. నక్షత్రం ఆకారంలో రాతి గోడలు, చుట్టూ కందకం. 20వ శతాబ్దం తొలినాళ్ళలో బ్రిటిషువారు అచ్చువేసిన గెజిటీరులో దీన్ని 1747లో జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, బురుజుల మీద వున్న ఫిరంగుల మీద ఆయన పేరు చెక్కి వుందనీ రాశారు. ఎలగందుల కోటలో మినార్లున్న మసీదు కట్టించింది కూడా ఈ జఫరుద్దౌలాయే.

నక్షత్రాకారం అందం కోసం కాదు. సైన్సు విద్యార్థిగా దీన్ని వివరించటం నాకు ఇష్టం. గుండ్రటి బురుజు వున్న పాత కోటలో, బురుజు పాదం దగ్గర కొంత జాగా లోపలివాళ్ళకు కనపడదు. శత్రువు అక్కడికి చేరితే గోడకు కన్నం పెట్టుకోవచ్చు. ఫిరంగులు వచ్చినాక ఎత్తయిన పలుచని గోడలు కూడా నిలవలేదు. అందుకని ఇటలీలో మొదలుపెట్టి, ఆ తరువాత ఫ్రాన్సులో వోబాఁ అనే ఇంజనీరు చేతిలో పరిణతి చెందిన పద్ధతి ఇది. బురుజులను కొసలు దేరినట్టు కట్టి, ప్రతి గోడ మొహం పక్క బురుజు ఫిరంగికి అందేట్టు కోణం లెక్క వేస్తారు. శత్రువు ఎక్కడ నిలబడినా ఏదో ఒక ఫిరంగి చూపు సోకక తప్పదు. దాగటానికి చాటు వుండదు. ఇదంతా జ్యామితి. 1707లో చనిపోయిన ఒక ఫ్రెంచి ఇంజనీరు విద్య, నలభై ఏండ్లలో వేల మైళ్ళు దాటి మన జగిత్యాల రాళ్ళలోకి దిగిందంటే, దారి మీది వూరు ఎంత దూరం వినగలదో ఆలోచించండి.

ఇక్కడ ఒక చిక్కు వుంది. బుస్సీ దొర ఫ్రెంచి సేనతో హైదరాబాదులో అడుగు పెట్టింది 1751లో. గెజిటీరు చెప్పే 1747 అంతకన్న నాలుగేండ్లు ముందు. అయితే బుస్సీకి ముందే ఇక్కడికి ఫ్రెంచివాళ్ళు ఎట్లా వచ్చారు? సంవత్సరం తప్పా, కట్టినవారి పేరు తప్పా? ఇంత మంచి ప్రశ్న మన వూరి నడిబొడ్డున రెండున్నర శతాబ్దాలకు పైగా నిలబడి వుంటే, మనం దాని పక్కనుంచి పోతూ సెల్‌ఫోనులో ఫొటో తీసుకొని వస్తున్నాం. రాళ్ళ సందుల్లో చెట్లు మొలుస్తున్నాయి. మొలిచిన చెట్టు వేరు రాయిని చీల్చటానికి ఫిరంగి గుండు అక్కరలేదు.

వూరి పేరు మీద కూడా రెండు కథలున్నాయి. కోట కట్టిన జాక్, టాల్ అనే ఇద్దరు దొరల పేర్లు కలిసి జగిత్యాల అయిందని ఒకటి. పొలవాస జగ్గదేవుని పేరు మీద వచ్చిందని మరొకటి. మొదటి కథనే మనవాళ్ళు ఎక్కువ ఇష్టంగా చెప్తారు. దొర పేరు తగిలించుకుంటే వూరికి గౌరవం వస్తుందనుకోవటం మన అలవాటు, ఆ దొర ఫ్రెంచి దొరైనా సరే, గడీ దొరైనా సరే. నాకు మాత్రం రెండు కథలకూ సాక్ష్యం అడగాలనిపిస్తుంది. ప్రయోగశాలలో రీడింగు రెండుసార్లు తీసుకోనిదే రికార్డులో రాయనివ్వని గురువులు మాకున్నారు. వూరి పేరుకు ఆ మాత్రం శ్రద్ధ అక్కరలేదా?

సరిహద్దు వూరి చరిత్ర శాసనంతో, ఖిల్లాతో ఆగలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతులు, కూలీలు చుట్టుపట్ల పల్లెల నుంచి వేలాదిగా వచ్చి వూరేగింపు తీశారు. వెట్టి, కూలి రేట్లు, దొరల చేతిలోని భూములు, పంచాయితీల పేర వసూలు చేసిన జరిమానాలు, ఇవి వారి ప్రశ్నలు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. ఆ మరుసటి నెల, అక్టోబరులో, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలు మన పల్లెలు తుపాకుల నడుమ బతికాయి. చనిపోయినవాళ్ళలో అన్ని వైపులవాళ్ళూ వున్నారు, వాళ్ళలో ఎక్కువమంది మనవంటి ఇండ్ల పిల్లలే. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పటానికి ఈ సంచిక వేదిక కాదు. నేను చూసేది మరొకటి.

ఆ రోజు మా తాత నా వయసువాడు. ఎడ్లను చింతచెట్టుకు కట్టేసి, వూరివాళ్ళతో కలిసి నడిచి పోయినాడట. ఆ ముచ్చట రాసుకుందామని నేను నోటుబుక్కు తీసుకొని కూర్చుంటే ఆయన నవ్వి, "నడిచినోళ్ళ పేర్లు ఎవ్వడు రాసిండు బిడ్డా? కేసులైనోళ్ళ పేర్లే ఠాణాల రాసిండ్రు," అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు.

ఒక్కసారి లెక్క చూడండి. 1163లో మన ప్రాంతం గురించి రాసింది గెలిచిన రాజు. రాసింది ఎందుకు? ఓడించానని చెప్పుకోవటానికి. 20వ శతాబ్దం మొదట్లో రాసింది బ్రిటిషు గెజిటీరు. అందులో మన వూరంటే ఒక కోట, దానిమీది ఫిరంగులు. 1978లో రాసింది సర్కారు ప్రకటన. అందులో మన వూరంటే ఒక కల్లోలం. మూడు కాగితాలూ వేరు వేరు చేతులవి. మూడింటిలోనూ మన వూరు ఎవరికో గెలవవలసిన జాగా, కాపలా పెట్టవలసిన జాగా, అదుపు చేయవలసిన జాగా. అబద్ధాలు రాశారని నేను అనటం లేదు. కాని వూరు లోపలినుంచి ఎట్లుంటుందో ఆ మూడింటిలో ఎక్కడా లేదు. సరిహద్దు అనే మాట దూరంగా కూర్చున్నవాడిది. అక్కడ కాపురముండేవాడికి అది సరిహద్దు కాదు, ఇల్లు.

లోపలినుంచి రాసినవాళ్ళు అసలే లేరా అంటే వున్నారు. జగిత్యాలలో పుట్టి, 1993లో 39 ఏండ్లకే వెళ్ళిపోయిన అలిశెట్టి ప్రభాకర్ వున్నాడు. ఫొటో స్టూడియో నడుపుకుంటూ కవిత్వం రాసినవాడు. ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో రైతు ఇంట పుట్టి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డిగారు వున్నారు. ఇంకా వెనక్కి పోతే వేములవాడ చాళుక్యుల కాలం వుంది. ఆ వంశం కూడా మొదట బోధన్‌లో వుండి తరువాత వేములవాడకు వచ్చిందే, మన దారుల వెంటనే. వారి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడున్నాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద సుమారు 945లో శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఒకే రాతి మీద వున్నాయి. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయకు శతాబ్దం ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరు మళ్ళీ అందరి నోటా వినిపించింది. జగిత్యాల నుంచి కరీంనగర్‌కు బస్సులో వచ్చే ప్రతి విద్యార్థీ గంగాధర దాటే వస్తాడు. తెలుగు పద్యం తొలి అడుగులు వేసిన గుట్ట అది అని ఎరిగి కిటికీలోంచి తల తిప్పి చూసేవాళ్ళు ఎందరు?

రాజులు, కవులు మాత్రమే దారి మీద నడవలేదు. గోదావరి అవతలి అడవుల్లో తెంపిన తునికాకు ఈ దారుల వెంటనే కోరుట్ల, మెట్‌పల్లి బీడీ ఖార్ఖానాలకు వచ్చేది. మా నాయినమ్మ చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని దీపం పెట్టేదాకా బీడీలు చేసేది. ఆమె వేళ్ళకు వున్న వేగం మా కంప్యూటరు ల్యాబులో ఎవరికీ లేదు. సిరిసిల్ల సాంచాల మీద బట్ట నేసిన పద్మశాలీలు పని దొరకనప్పుడల్లా భివండి, సోలాపూరు, బొంబాయిలకు పోయారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేయగల చేతులు వున్న వూరిలోనే ఆకలికి, అప్పుకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు మన తరం పుట్టిన నాటినుంచీ వింటున్నాం. ఆ తరువాత దారి ఇంకా పొడుగైంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫుకు పోయినవాడు లేని వాడకట్టు దొరకదు. మా చిన్నాయిన దుబాయిలో వున్నన్ని రోజులు మా ఇంట్లో పండుగంటే ఆయన ఫోను వచ్చిన రోజే. దారి వెంట వచ్చినవాళ్ళు రాయి మీద పేరు చెక్కిపోయారు. దారి వెంట పోయినవాళ్ళు బస్సు టికెట్టు కూడా మిగల్చలేదు. రెండవ రకపువాళ్ళు మనవాళ్ళు. వారసత్వమంటే వీళ్ళది కూడా అని నేను గట్టిగా అంటాను.

"మొదలు నౌకరీ సంగతి చూసుకో, పాత రాళ్ళు అన్నం పెడతాయా?" అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. రైతు ఇంటివాణ్ణి, అన్నం విలువ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ఎంత కరువొచ్చినా మా ఇంట్లో ఒక గుమ్మి ముట్టుకునేవాళ్ళు కాదు, అది విత్తనాల గుమ్మి. అది తింటే ఆ పూట గడుస్తుంది, మరుసటేడు పొలం బీడు పడుతుంది. వూరి జ్ఞాపకం అటువంటి విత్తనమే. దాన్ని తిని బతకలేము, అది లేకుండా మళ్ళీ మొలవలేము. ఇక కరీంనగర్ చుట్టుపట్ల గుట్టలను గ్రానైటు బిళ్ళలుగా కోసి ఓడలకెక్కిస్తున్న రోజులివి. రాయికి రేటు కట్టటం బయటివాడికి బాగా తెలుసు. ఏ రాయి అమ్మరానిదో చెప్పవలసినవాళ్ళం మనం.

కష్టమైన ప్రశ్న ఇంకొకటి వుంది, దాన్ని దాటిపోతే నిజాయితీ కాదు. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వెనుక నీరు ఇప్పుడు కోటిలింగాల ఒడ్డు దాకా వస్తోంది. నీళ్ళు వద్దని నేను ఎట్లా అంటాను? 1963లో పోచంపాడుకు పునాదిరాయి పడి, కాకతీయ కాలువ వచ్చినందువల్లనే మా ప్రాంతంలో చాలా కుటుంబాలు రెండు పూటలా తిన్నాయి. చెరువు కింద, కాలువ కింద పెరిగిన పిల్లవాడు ఆనకట్టను తిట్టలేడు. నేను అడిగేది నీళ్ళు ఆపమని కాదు. నీళ్ళకంటే ముందు పార పడాలని. జలాశయం గేటు మూయటానికి తేదీ వుంటుంది, లెవలు వుంటుంది, బాధ్యుడైన ఇంజనీరు వుంటాడు. దిబ్బ తవ్వటానికి కూడా అట్లాగే తేదీ, లెక్క, బాధ్యుడు వుండాలి. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కడుతున్నప్పుడు అబూ సింబెల్ గుడులను 1960లలో కోసి ఎత్తుకు తరలించారు. మన నాగార్జునసాగరు నీళ్ళు రాకముందే నాగార్జునకొండను 1954 నుంచి ఆరేండ్లు తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు. చేయాలనుకుంటే చేయవచ్చునని మనవాళ్ళే చూపించారు. కోటిలింగాలకు ఆ పాటి యోగ్యత లేదనటం ఎవరి తరం? ఒడ్డు అలలకు కోసుకుపోయే ప్రతి ఏడూ ఆ నాణేల మీద మిగిలిన పేర్లు కొన్ని నీటి పాలవుతాయి.

విమర్శించటం సులభం, చేయటం కష్టమని పెద్దలంటారు. అందుకని మన విద్యార్థి సంఘం చేయగల పనులే మూడు చెప్తాను. వీటికి గ్రాంటు అక్కరలేదు, మంత్రిగారి అపాయింట్‌మెంటు అక్కరలేదు.

ఒకటి, వూరి నోటుబుక్కు. ప్రతి విద్యార్థీ సంక్రాంతి సెలవుల్లో తన వూరి గుడి దగ్గర, చెరువు కట్ట మీద, బురుజు పక్కన పడివున్న పాత రాళ్ళను లెక్కపెట్టి, కొలిచి, ఫొటో తీసి రాసుకు రావాలి. శాసనం చదవటం మనకు రాకపోవచ్చు. అది ఎక్కడ వుందో చెప్పటం వస్తుంది. నరహరిశర్మగారు ఏ తవ్వకపు పరికరాలతో మొదలుపెట్టారు? కళ్ళతో, ఓపికతో.

రెండు, పెద్దల మాట. 1978 నాటికి ఇరవై ఏండ్లున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దగ్గరపడుతున్నాయి. వెట్టి చేసినవాళ్ళు, బొంబాయి బస్సు ఎక్కినవాళ్ళు, మొదటి సాంచె నడిపినవాళ్ళు, బీడీ సంఘంలో తిరిగిన అమ్మలు ఇంకా మన వాకిళ్ళలో కూర్చొని వున్నారు. మన జేబులో వున్న ఫోనుకు మాట రికార్డు చేసే శక్తి వుంది. ఏ వైపు వాడైనా సరే, చెప్పిందే చెప్పినట్టు రాయాలి, మనకు నచ్చినట్టు దిద్దకూడదు.

మూడు, విహారయాత్ర. ప్రతి ఏడూ మన సంఘం యాత్ర ఊటీకో, గోవాకో పోతున్నది. పోనివ్వండి, సముద్రం చూడవలసిందే. కాని ఒక్క ఆదివారం, ఒక్క బస్సు తీసుకొని పొలాస, జగిత్యాల ఖిల్లా, ధర్మపురి, కోటిలింగాల చూసి రావచ్చు. మరో ఆదివారం కురిక్యాల, వేములవాడ, సిరిసిల్ల సాంచాలు చూడవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చరిత్ర శాఖ గురువర్యులు తోడు వస్తే అదే మాకు తరగతి. సైన్సువాళ్ళం కొలతలు తీస్తాం, తెలుగు శాఖవాళ్ళు పద్యాలు చదువుతారు, కామర్సు మిత్రులు భోజనాల లెక్క చూసుకుంటారు.

2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరాఫీసులు వచ్చాయి, పెద్దపల్లి నుంచి నిజామాబాదు దాకా రైలు పట్టాలు పూర్తయ్యాయి. సరిహద్దుగా వున్న వూళ్ళు ఇప్పుడు కేంద్రాలని బోర్డులు చెప్తున్నాయి. బోర్డు మారినంత మాత్రాన చూపు మారదు. మన వూరి గురించి మనం రాసిన నాడు అది నిజంగా కేంద్రమవుతుంది.

సంపాదక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే సంవత్సరపు ప్రత్యేక సంచికలో ఎనిమిది పేజీలు ఖాళీగా వుంచండి. ప్రకటనలు తగ్గితే తగ్గనివ్వండి. ఆ పేజీల్లో మా వూళ్ళ పేర్లు, మా వూళ్ళ మనుషుల మాటలు, మేము కొలిచి తెచ్చిన రాళ్ళ లెక్కలు వేసుకుందాం. మా తాత పేరుతో నేను మొదలుపెడతాను.

— బి.ఎస్సి. (ఎం.పి.సి.) ద్వితీయ సంవత్సరం